డ్రిల్లు మాస్టారి కోట నాటకం

మా డ్రిల్లు మాస్టారు పోయారన్న కబురు నాకు మూడుసార్లు వచ్చింది.

మొదటిసారి ఫోనులో వచ్చింది. మా బడి పాత విద్యార్థుల గ్రూపులో ఎవరో తొందరపడి పెట్టారు. కబురు నిజమే గాని ఫొటో మాత్రం లెక్కల మాస్టారిది పెట్టారు. ముప్పై మంది దండాలు పెట్టి, పూలు పెట్టి, కన్నీళ్ళు కార్చాక ఆ లెక్కల మాస్టారే "నేను ఇడ్లీ తింటున్నాను" అని రాశారు. రెండోసారి పాలు పోసే ఆవిడ గిన్నెలో పాలు ఒంపుతూ, "ఎదురింటి పంతులుగారికి ఏటో అయిపోనాదంటమ్మా" అంది. ఏమైందో ఆమెకూ తెలీదు. మూడోసారి మాస్టారి కోడలే వీధి దాటి వచ్చింది. నేను దేవుడి దగ్గర దీపం పెట్టి లేస్తున్నాను. గుమ్మం అవతలే నిలబడి, "వదినా, మావయ్య తెల్లారగట్ట పోయారు. నిద్దట్లోనే. ఏ బాధా పడలేదు" అని చెప్పి వెళ్ళిపోయింది.

ఆ మూడోదే కబురు అని మాస్టారు ఉండి ఉంటే అనేవారు. కబురు ఒక్కసారే తేవాలి, సరిగ్గా తేవాలి, వేళకు తేవాలి. ఈ విషయంలో ఆయనకు ఎంత పట్టుదలో మా ఊళ్ళో బాగా తెలిసినదాన్ని నేనే. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆమదాలవలసకు ఆటోలో అరగంట దూరం మా ఊరు. అక్కడి హైస్కూల్లోనే నేను పదో తరగతి వరకు చదివాను. అయిదేళ్ళూ మాకు డ్రిల్లు చెప్పింది ఆయనే. తెల్ల ప్యాంటు, తెల్ల బనీను, మెడలో ఈల. కాన్వాసు బూట్లకు రోజూ సుద్దముక్క నీళ్ళలో నానబెట్టి పూసుకునేవారు. పెళ్ళయి నేను ఆయన ఎదురింటికే కోడలిగా వచ్చాను. ఆ సుద్ద పూసిన బూట్లు ఆయన అరుగు మీద ఎండుతుండడం నేను ఇటు పాతికేళ్ళకు పైగా చూశాను. ఉద్యోగం అయిపోయాక కూడా వాటికి సుద్ద మానలేదు.

ఎక్కడికైనా పది నిమిషాలు ముందు వెళ్ళడం ఆయన అలవాటు. పెళ్ళికి వెళితే పెళ్ళివారింట్లో ఇంకా ముగ్గు పెడుతుండేవారు. రైలుకు వెళితే ముందు రైలు కూడా ఇంకా వెళ్ళి ఉండేది కాదు. ఎవరైనా నవ్వితే, "ముందొచ్చినోడికి ఎదురుసూడ్డమే పని. ఆలస్యంగా వచ్చినోడికి సంజాయిషీ సెప్పడమే పని. ఏ పని సులువో నువ్వే సెప్పు" అనేవారు.

నన్ను మాత్రం ఒక్క మాటే అనేవారు. హాజరు పిలిచినప్పుడు నేను 'ప్రెజెంట్' అంటే, "ఒసే పిల్లా, నీ గొంతు నీకైనా ఇనిపిస్తాదా?" అని.

మూడేళ్ళ కిందట ఒక సోమవారం పొద్దున్న ఆయన మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. అప్పటికి ఆయనకు ఎనభై దాటాయి. చేతిలో నాలుగు మడతలు పెట్టిన అర్జీ ఉంది.

"అమ్మా, నువ్వు బడి కమిటీలో ఉన్నావు కదా. నాతోటి రా. హెచ్చెమ్ గారితోటి మాటాడాల."

తల్లిదండ్రుల కమిటీలో నేను ఉన్నమాట నిజమే. ఎవరూ చేరనంటే, కాదనడం చేతకాక చేరాను. అంతవరకు ఏ మీటింగులోనూ నోరు తెరవలేదు.

"ఏమిటి మాస్టారండీ?"

"వార్షికోత్సవానికి పిల్లల చేత కోట నాటకం ఏయించాల."

కోట నాటకం అంటే మా వైపు పెద్దవాళ్ళకు చెప్పనక్కరలేదు. కోటను శత్రువు ముట్టడించడం, రాజు ఓడి ప్రాణాలు వదలడం కథ. అసలు పేరు పెద్దదే గాని అందరూ కోట నాటకం అనే అంటారు. పద్యాలు ఎక్కువ. మా చిన్నతనం నాటికే ఆడడం తగ్గిపోయింది. డ్రిల్లు మాస్టారికి దానితో ఏం పని అని నాకు అర్థం కాలేదు. అడిగాను. దారిలో చెబుతానన్నారు. చెప్పారు కూడా.

ఆయనకు ఇరవై ఏళ్ళప్పుడు ఊళ్ళో నాటక సమాజం ఉండేదట. అందులో ఆయన బల్లెం పట్టుకుని నిలబడే భటుడు. మాట ఉండదు. రెండేళ్ళు నిలబడ్డాక జాలిపడి ఒక్క మాట ఇచ్చారు. చనిపోయిన తన సైనికుల మధ్య నిలబడి రాజు పద్యం పాడతాడు. పద్యం అవగానే భటుడు పరుగున వచ్చి, "మహాప్రభో! ఉత్తర ద్వారము భగ్నమైనది! శత్రుసేన కోటలో ప్రవేశించినది!" అనాలి. అంతే.

ఆమదాలవలసలో ఒక ధాన్యం మిల్లు కళ్ళంలో ఆట. రాజు పద్యం ఎత్తాడు. బాగా వచ్చింది. భటుడు పరుగున వచ్చాడు. ఇంతలో జనం "వన్స్ మోర్!" అన్నారు. అలా అంటే పాడినవాళ్ళు మళ్ళీ పాడాలి, అది మర్యాద. రాజు కళ్ళెర్రజేస్తే భటుడు వెనక్కి వెళ్ళాడు. మళ్ళీ పద్యం. మళ్ళీ భటుడు. మళ్ళీ వన్స్ మోర్. మళ్ళీ వెనక్కి.

"మూడోసారి ఏటనుకున్నానంటే," అన్నారు మాస్టారు, "ఈ జనం నాలుగోసారి కూడా అడగతారు, ఈలోగా ఎనకాల పకోడీలు ఏస్తన్నారు, రెండు తినేసి వచ్చేద్దామని ఎల్లాను."

నాలుగోసారి ఎవరూ అడగలేదు. రాజు పద్యం ముగించి నిలబడ్డాడు. హార్మోనియం వాయించే ఆయన వాయిస్తూనే ఉన్నాడు. "ఎవరక్కడ!" అన్నాడు రాజు. ఎవరూ లేరు. చివరికి రాజే తెర దాకా వెళ్ళి తొంగిచూసి, తిరిగి వచ్చి, "ఉత్తర ద్వారము భగ్నమైనట్లు నాకే తోచుచున్నది!" అన్నాడట.

నాకు నవ్వు ఆగలేదు. మాస్టారు నవ్వలేదు.

"మరి నాకు మాట ఇవ్వలేదు. తొమ్మిదేళ్ళు బల్లెం పట్టుకుని ఊరికే నిలబడ్డాను. పకోడీ భటుడని పేరెట్టారు. తరవాత సమాజమే పోనాది." కొంతదూరం నడిచాక అన్నారు, "ఆ మాట ఒక్కసారి టయానికి ఇనాలనున్నాదమ్మా. నాను అననక్కర్లేదు. ఎవులన్నా పర్లేదు. టయానికి అనాల."

ఆయన పది నిమిషాలు ముందు రావడం ఎక్కడ మొదలైందో అప్పుడు తెలిసింది నాకు.

హెచ్చెమ్ మేడమ్ విజయనగరం నుంచి బదిలీ మీద వచ్చారు. మంచావిడ, గొంతు పెద్దది, ఓపిక మధ్యరకం. అర్జీ చదివి, "నాటకం ఎంతసేపండీ మాస్టారూ?" అన్నారు.

"ఎంతమ్మా, అయిదు గంటలే."

మేడమ్ కలం మూత పెట్టేశారు. "ఒక్కో అంశానికి పది నిమిషాలండీ. అందరూ సినిమా పాటలకు డ్యాన్సులు పెట్టుకున్నారు."

"పది నిమిషాల్లో రాజుకి కిరీటం కూడా బిగదు తల్లీ."

అక్కడి నుంచి మూడు సోమవారాలు బేరం నడిచింది. మొదటి సోమవారం మాస్టారు విదూషకుణ్ణి తీసేశారు. రెండో సోమవారం రాణిగారి కలను, ఆ కలలో వచ్చే దేవతలను తీసేశారు. మూడో సోమవారం ఏకంగా శత్రురాజ్యాన్నే తీసేశారు.

"మరి యుద్ధం ఎవరితో మాస్టారూ?"

"తెర ఎనకాల ఉంటారు. అరుస్తారు. కనపడరు."

పాతిక నిమిషాలకు కుదిరింది. అప్పుడు మేడమ్ కత్తుల సంగతి ఎత్తారు. బడిలో ఆయుధాలు కూడదన్నారు. జీడిపప్పు డబ్బాల అట్టలు కోసి వెండి కాగితం అంటిస్తాననీ, అవి వంకాయను కూడా కోయలేవనీ మాస్టారు మాట ఇచ్చారు. తరువాత మేడమ్ అసలు అనుమానం బయటపెట్టారు.

"చివర్లో రాజు చనిపోతాడటగా. శుభమా అని వార్షికోత్సవం, ముఖ్య అతిథి ఎదురుగా చావేమిటండీ? గెలిపించేయండి."

మాస్టారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "తల్లీ, పరీక్షలో పిల్లలు ఆ రాజు గెలిసాడని రాస్తే మార్కులేస్తారేటి? సరిత్రలో ఆయన సచ్చిపోనాడు. నానేటి సేయగలను?"

పక్క బల్ల దగ్గర పేపర్లు దిద్దుకుంటున్న సోషలు టీచరు ముఖం పుస్తకంతో కప్పుకున్నారు. మేడమ్ ఆలోచించి, రాజు చనిపోవచ్చు గాని నాలుక బయటపెట్టకూడదన్నారు. రక్తం రంగు పూయకూడదు. హార్మోనియం వాయించేవాళ్ళు తప్ప పెద్దవాళ్ళెవరూ స్టేజీ మీద కనిపించకూడదు, అంతా పిల్లలే చెయ్యాలి. అన్నిటికీ మాస్టారు ఒప్పుకున్నారు.

"ఇక తల్లిదండ్రుల కమిటీ సరేనంటే నాకు అభ్యంతరం లేదు" అన్నారు మేడమ్. మాస్టారు నావైపు చూశారు. నేను బల్ల మీది అర్జీ వైపు చూశాను.

దారిలో అన్నాను, అరసవల్లి స్వామికి మొక్కుకుంటానని. "మంచిపని," అన్నారు మాస్టారు. "సూర్యనారాయణమూర్తికే మొక్కు. ఆయనొక్కడే నాలాగ టయానికొస్తాడు."

కమిటీ మీటింగులో ఎరువుల కొట్టు బావగారిదే పెద్దరికం. వరసకు నాకు బావ. ఆయన మాట్లాడితే ఇంకొకరు మాట్లాడడానికి సందు ఉండదు. "నాటకాలేటి, పద్యాలేటి! ఏ కాలంలో ఉన్నాం మనం? పిల్లలకి అర్థమౌతాదా, మనకి అర్థమౌతాదా? రెండు పాటలెట్టించి, నాలుగు ప్రైజులిచ్చి పంపించీండి" అన్నారు. అందరూ తలలూపారు. వెనక కుర్చీలో మాస్టారు కూర్చున్నారు. ఆయన మీటింగుకు పది నిమిషాలు ముందే వచ్చి ఉన్నారు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నేల చూస్తున్నారు.

నేను లేచాను. ఎందుకు లేచానో ఇప్పటికీ చెప్పలేను. ఏదో అన్నాను.

"ఫేను కట్టండర్రా, ఈవిడేదో అంటన్నాది" అన్నారు బావగారు. ఫ్యాను ఆపారు. మళ్ళీ అన్నాను. "ఏటంటన్నాదండి?" అని ఆయన మేడమ్‌ని అడిగారు. మేడమ్ నా పక్కనే ఉన్నారు కనుక నేను ఒక్కొక్క మాటా అంటుంటే ఆవిడ క్లాసు గొంతుతో అందరికీ వినిపించడం మొదలుపెట్టారు.

"నేను ఈ బళ్ళోనే చదువుకున్నాను అంటున్నారు. అయిదేళ్ళలో ఒక్కసారి కూడా స్టేజీ ఎక్కలేదు అంటున్నారు. గొంతు వినపడదని ఎవరూ ఎక్కించలేదట. వాళ్ళ చిన్నమ్మాయి తొమ్మిదో తరగతి, ఆ పిల్ల గొంతూ ఇంతేనట. మాస్టారు ఆ పిల్లకు భటుడి వేషం ఇస్తామన్నారట. ఒక్క మాటే ఉందట." ఇక్కడ మేడమ్ కొంచెం ఆగి, ఇంకా గట్టిగా అన్నారు. "ఆ ఒక్క మాటా చెప్పనివ్వండి!"

ఆవిడ నోటితో ఆవిడే అన్నాక ఇక ఎవరు కాదంటారు? ఆవిడే కాదనలేకపోయారు. బావగారు, "ఒక్క మాటే అయితే పర్లేదు" అన్నారు, నాటకం మొత్తం ఒక్క మాటే అనుకుని.

బయటకు వచ్చాక మాస్టారు నాతో అన్నారు. "సూసావా? అరిసినోడిని అందరూ సూస్తారు. మెల్లగా మాటాడినోళ్ళ కోసం ఫేను కడతారు."

రిహార్సళ్ళు బడి వెనక మైదానంలో సాయంత్రం నాలుగున్నరకు. పద్యాల రాగం నేర్పడం నా వంతు అయింది. రామమందిరం భజనల్లో హార్మోనియం నేనే వాయిస్తాను. మిగతాదంతా మాస్టారు ఈలతో నడిపారు. ఆయనకు వచ్చిన విద్య అదే. ఒక పొడుగు ఈల వేస్తే సైనికులందరూ అటెన్షన్‌లో నిలబడాలి. రెండు పొట్టి ఈలలు వేస్తే చచ్చిపోవాలి. పిల్లలు వారం తిరిగేసరికి ఎంత బాగా చచ్చిపోవడం నేర్చుకున్నారంటే, సైనికుల వేషాలవాళ్ళు ముగ్గురూ ఒకే వరసలో, తలలు ఒకే వైపు పెట్టి, చేతులు పక్కలకు ఆనించి పడేవారు.

రాజు వేషం పదో తరగతి అమ్మాయిది. మంచి గొంతు. ఆ అమ్మాయిని మాస్టారు పెద్దగా పట్టించుకోలేదు. రోజూ గంటసేపు ఆయన మా అమ్మాయినే తోమేవారు. ఆ మాట ఎలా అనాలో కాదు, ఎలా అనకుండా ఉండాలో నేర్పేవారు. రాజు పద్యం అవగానే ఆయనే "వన్స్ మోర్!" అని అరిచేవారు. మా అమ్మాయి వేసిన రెండు అడుగులూ వెనక్కి వెయ్యాలి. మళ్ళీ అరిచేవారు. ఒక్కోసారి ఆరుసార్లు అరిచేవారు. ఒక్కోసారి అసలు అరిచేవారు కాదు.

"తాతా, ఎన్నిసార్లు అరుస్తారో ముందే చెప్పేయొచ్చుగా" అంది అది విసుగొచ్చి.

"నాకేటి తెలుసే? జనానికే తెలీదు. కబురు మోసేవోడికి కాళ్ళు కాదే గావాల్సింది, సెవులు. ఇంటూ నిలబడు. పక్కన పకోడీలేసినా, నీ బాబు వచ్చి పిలిసినా కదలకు."

వార్షికోత్సవం మధ్యాహ్నం మూడింటికి. కోట నాటకం వేస్తున్నారని ఎలా తెలిసిందో, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ముసలివాళ్ళు ఆటోల్లో దిగారు. ఉతికిన పంచెలు, భుజాన తువ్వాళ్ళు. పిల్లల డ్యాన్సులన్నిటికీ కునుకు తీసి, మా హార్మోనియం స్టేజీ ఎక్కగానే లేచి కూర్చున్నారు.

నేను స్టేజీ మూల కూర్చున్నాను. అక్కడి నుంచి తెర పక్కన నిలబడ్డ మాస్టారు కనిపిస్తున్నారు. బూట్లకు కొత్తగా సుద్ద పూసుకున్నారు. పళ్ళ మధ్య ఈల ఉంది. ఆయన వెనక మా అమ్మాయి ఉండాలి. అది నాకు కనిపించడం లేదు.

శత్రువులు తెర వెనక అరిచారు. సైనికులు వరసగా చచ్చిపోయారు. రాజు వాళ్ళ మధ్య నిలబడి పద్యం ఎత్తింది. చివరి రాగం సాగుతుండగానే మూడో వరసలోంచి ఒక ముసలాయన తువ్వాలు ఊపుతూ, "వన్స్ మోర్!" అన్నాడు. ఆ వెనకే పాతికమంది.

హెచ్చెమ్ మేడమ్ కుర్చీలోంచి లేచిపోయారు. ఆవిడకు ఈ మర్యాద తెలీదు. నాటకం మొదటి నుంచి మళ్ళీ వెయ్యమంటున్నారని అనుకున్నారట. చేతి గడియారం చూపించి నాకు సైగలు చేస్తున్నారు. నేను తలొంచుకుని హార్మోనియం మీద మళ్ళీ శ్రుతి పట్టాను. మా అమ్మాయి రెండు అడుగులు వేసి, రెండు అడుగులు వెనక్కి వేసింది.

రెండో వన్స్ మోర్ వచ్చింది. మూడోది వచ్చింది. మూడోదాన్ని అందరికంటే గట్టిగా అరిచింది ఎరువుల కొట్టు బావగారు.

నాలుగోసారి పద్యం అయింది. ఈసారి ఎవరూ అరవలేదు. పందిరంతా నిశ్శబ్దం. నేను షడ్జమం మీద వేలు పెట్టి ఉంచాను. రాజు కత్తి పట్టుకుని నిలబడింది. మాస్టారు కళ్ళు మూసుకున్నారు. ఆయన ఊపిరి తీసుకోవడం లేదు. స్వామీ, సూర్యనారాయణా, అనుకున్నాను నేను.

మా అమ్మాయి పరుగున వచ్చింది.

"మహాప్రభో! ఉత్తర ద్వారము భగ్నమైనది! శత్రుసేన కోటలో ప్రవేశించినది!"

దాని గొంతు పెద్దది కాదు. కాని ఎవరూ మాట్లాడడం లేదు కనుక చివరి వరస దాకా వెళ్ళింది.

అప్పుడు మాస్టారు అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి ఒక్కసారిగా వదిలేశారు. పళ్ళ మధ్య ఈల ఉన్న సంగతి ఆయనకు గుర్తు లేదు.

అది పొడుగు ఈల. చచ్చిపోయిన సైనికులు ముగ్గురూ లేచి అటెన్షన్‌లో నిలబడ్డారు. రాజూ నిలబడింది. భటుడూ నిలబడింది. తెర వెనక శత్రువులు కూడా నిలబడ్డారని తరువాత తెలిసింది. ముఖ్య అతిథి, ఇది జాతీయగీతం అనుకున్నారేమో, ఆయనా లేచి నిలబడ్డారు. దాంతో మొదటి వరసంతా లేచింది.

మాస్టారు కళ్ళు తెరిచి, జరిగింది చూసి, చేసేది లేక రెండు పొట్టి ఈలలు వేశారు. సైనికులు వరసగా, తలలు ఒకే వైపు పెట్టి మళ్ళీ చచ్చిపోయారు.

పందిరి ఊగిపోయింది. నవ్వులు, చప్పట్లు. "వన్స్ మోర్!" అన్నారు బావగారు కుర్చీ ఎక్కి. ఆ మాటకు మాస్టారు, పెద్దవాళ్ళు స్టేజీ మీద కనిపించకూడదన్న షరతు మరిచిపోయి, తెరలోంచి తల బయటపెట్టారు.

"కబురు ఒక్కసారేరా! కూకో!"

బావగారు కూర్చున్నారు. ఆయన కూడా ఆ మాస్టారి దగ్గర డ్రిల్లు చేసినవాడే. ఆ తరువాత రాజు చనిపోయింది. నాలుక బయటపెట్టలేదు.

అంతా అయ్యాక మాస్టారు మా అమ్మాయి ఎదురుగా వచ్చి నిలబడ్డారు. మెచ్చుకుంటారని అది ఎదురుచూసింది. ఆయన, "టయానికొచ్చావే" అన్నారు. అంతే. తలపాగా సరిచేస్తున్నట్టు కాసేపు దాని తల మీద చెయ్యి ఉంచారు.

భటుడి బల్లెం మాత్రం ఎవరికీ ఇవ్వకుండా ఇంటికి తెచ్చుకున్నారు. పొడుగాటి వెదురుకర్ర, కొసన వెండి కాగితం అంటించిన అట్ట. నెల్లాళ్ళు గుమ్మం పక్కన నిలబెట్టి ఉంచారు. తరువాత వాళ్ళ కోడలు బట్టల దండెం సాగిపోతోందని దాన్ని తీసి ఊతం పెట్టింది. నేను నొచ్చుకుంటే ఆయనే అన్నారు, "పోనీలేమ్మా. కోట లేని భటుడికి ఏదో ఒక ఉజ్జోగం ఉండాల కదా."

ఆయన పోయిన ఉదయం, మూడో కబురు విన్నాక, విజయనగరంలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్న మా అమ్మాయికి ఫోను చేశాను. ఈసారి కబురు తేవలసింది నేను. సరిగ్గా చెప్పాలని మనసులో రెండుసార్లు అనుకున్నాను.

"మాస్టారు తెల్లవారుజామున పోయారమ్మా. నిద్రలోనే. బాధ పడలేదు."

అటు నుంచి చప్పుడు లేదు. నా గొంతు ఎప్పటిలాగే వినపడలేదేమో అనుకున్నాను. మళ్ళీ చెప్పబోయాను.

"వినిపించిందమ్మా" అంది అది. "ఒక్కసారి చాలు."

పదోరోజు వెళ్ళినప్పుడు చూశాను. ఆయన బట్టలు ఉతికి దండెం మీద ఆరేసింది కోడలు. తెల్ల ప్యాంట్లు, తెల్ల బనీన్లు, ఒక వరసలో. తడి బరువుకు దండెం కిందికి వంగుతోంది. మధ్యలో ఆ బల్లెం నిటారుగా నిలబడి, అన్నిటినీ నేలకు తగలకుండా పైకి ఎత్తి పట్టుకుని ఉంది. అట్ట మీద వెండి కాగితం చాలావరకు ఊడిపోయింది. మిగిలిన కొంచెం మీద అప్పుడే ఎండ పడింది.